మాండరిన్ చేపకు మేత

గాజుతొట్టిలో చేపలను పెంచు వేడుక మన పట్టణములలో నానాట పెరుగుచున్నది. గప్పీ, మోలీ, గోల్డుఫిష్ మొదలగు మంచినీటి చేపలు ఇప్పుడు ఎన్నో ఇండ్లలో కనిపించుచున్నవి. వానిని పెంచి చేయి తిరిగినవారి చూపు కొంతకాలమునకు ఉప్పునీటి చేపలమీదికి మరలుట సహజము. అట్టివారు అంగడికి పోయినప్పుడు మొట్టమొదట కంటిని నిలుపునది మాండరిన్ చేప. కొని తెచ్చిన తరువాత కొలదివారములలోనే చచ్చి, యజమానికి దుఃఖమును మిగుల్చు చేపలలో ముందు చెప్పదగినదియు ఇదియే. దానికి వచ్చు చావు రోగముచే కాదు, ఆకలిచే. యజమాని దినమునకు మూడుమార్లు మేత చల్లుచుండగనే, తక్కిన చేపలు తిని బలియుచుండగనే, ఇది మాత్రము చిక్కి చచ్చును. ఈ వింత ఎట్లు సంభవించుచున్నది, దానిని తప్పించుటకు ఏమి చేయవలెను అను విషయమును గూర్చి శ్రోతలకు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

ముందుగా చేపను గూర్చి రెండు మాటలు. ఇది మిక్కిలి చిన్నది. బాగుగ ఎదిగినదియు ఏడెనిమిది సెంటీమీటర్లకు మించదు. నీలిరంగు ఒంటిమీద నారింజరంగు మెలికలు, ముఖముమీద ఆకుపచ్చ, పసుపు చారలు. కలంకారీ పని నేర్చినవాడెవడో తీరికగ కూర్చుండి వ్రాసినట్లుండును. పూర్వము చైనా చక్రవర్తుల కొలువులోని ఉన్నతోద్యోగులను పాశ్చాత్యులు మాండరినులని వ్యవహరించెడివారు. వారి పట్టు అంగీల చిత్రవర్ణములను తలపించుటచే దీనికి ఆ పేరు కలిగినది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సింకిరోపస్ స్ప్లెండిడస్. 1927లో హెర్రే అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఫిలిప్పీను దీవుల చేపలను పరిశీలించుచు దీనిని వర్ణించెను.

దీని నీలిరంగును గూర్చి ఒక్కమాట చెప్పక ముందునకు పోలేను. నెమలి మెడలోని నీలము, మన పాలపిట్ట రెక్కలోని నీలము నిజమునకు రంగుపదార్థములు కావు. ఈకలోని అతిసూక్ష్మమైన అమరికపై వెలుతురు పడి చెదరుటచే మన కంటికి నీలముగ తోచును. జంతులోకమున కనిపించు నీలిరంగు దాదాపు అంతయు ఇట్టిదే. మాండరిన్ చేప చర్మమున మాత్రము నిజమైన నీలివన్నె పదార్థమును నింపుకొన్న కణములున్నవని 1995లో జపాను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఇట్టి ప్రాణులు లోకమున బహు కొలది. ఈ చేపకు పొలుసులు లేవు. వానికి బదులు ఒడలెల్ల దట్టమైన జిగురు కప్పియుండును. ఆ జిగురు చేదు, దుర్వాసన కలది. పెద్దచేపలు దీనిని మ్రింగకుండ కాపాడునది అదియే. ఇంత మెరుపుగల ప్రాణి శత్రువుల నడుమ తాపీగ తిరుగగలుగుటకు కారణము బహుశః ఆ చేదే కావచ్చును.

ఇక దీని కాపురము పశ్చిమ పసిఫిక్ మహాసముద్రమున. జపానునకు దక్షిణమున నున్న ర్యూక్యూ దీవులు మొదలుకొని ఫిలిప్పీనులు, ఇండోనీషియాల మీదుగ ఆస్ట్రేలియా వరకు, అలల తాకిడిలేని పగడపు దిబ్బల చాటున నివసించును. నీటిలో పైకి క్రిందికి ఈదు చేపలవలె కాక, అడుగున పొట్టక్రింది వాజములు ఆనించి, పాకుచున్నట్లు, గంతులువేయుచున్నట్లు మెల్లగ కదలును. పగడపు ముక్కల సందులలో, నాచు పట్టిన రాతిమీద ఒకచోట నిలుచును. తల కొంచెము వంచి ఆ చోటును పరీక్షించును. చటుక్కున మూతి సాచి ఒక్కపోటు పొడుచును. మరల నాలుగు అంగుళములు జరిగి ఇదేపని. పెరటిలో కోడి గింజ లేరుకొను రీతిని చూచినవారికి దీని భోజనపద్ధతిని వేరుగ వర్ణింప నక్కరలేదు. తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు దీని పని ఇదే.

ఇంతకు అది ఏరుకొని తినునదేమి? సముద్రమున రాళ్లమీద, నాచులో లెక్కకు మించి ప్రాకులాడు అతిచిన్న పురుగులు. వానిలో ముఖ్యమైనవి కోపెపోడులను జీవులు. ఇవి రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టములు. గసగసాల గింజంత పరిమాణమునకు మించనివే ఎక్కువ. మంచి వెలుతురులో గాజుమీద తెల్లని చుక్కలు జరజర ప్రాకుచున్నట్లు కనబడును. వీనితోపాటు సన్నని సముద్రపు వానపాములవంటివానిని, బుల్లి నత్తలను, ఇతర చేపల గ్రుడ్లను కూడ తినును. కాని ప్రతి తునకయు దాని బుల్లినోటికి పట్టునంతటిదై యుండవలెను, అది కదలుచుండవలెను. కదలని వస్తువు ఆహారమని అడవిమాండరినుకు తోచదు. అడవి అనుచున్నాను గాని, సముద్రమునుండి పట్టితెచ్చినదని నా భావము.

ఇప్పుడు లెక్క చూడుడు. చేప నిముషమునకు రెండుమార్లు మాత్రమే పొడిచినదనుకొందము. పది గంటల పగటిలో అది 1,200 పోట్లగును. పోటు పోటుకు ఒక్క పురుగే దొరకినను, ఒక్కదినమున వేయింటికి పైగా పురుగులు కావలెను. మరునాడును అన్నియే కావలెను. ఒక్కమారు కడుపునిండ తిని రెండుదినములు ఊరకుండుట దీని స్వభావమున లేదు. క్రొత్తగా నింపిన గాజుతొట్టిలో ఇన్ని పురుగులెక్కడివి? తెచ్చిన మొదటివారమున చేప రాళ్లన్నియు తిరిగి ఉన్నవానిని తినివేయును. ఆ వారమంతయు యజమాని సంతోషమునకు మేరయుండదు. తరువాత రాళ్లు బోసిపోవును. చేప పొడుచుచునే యుండును, నోటికి మాత్రము ఏమియు రాదు.

హైదరాబాదులో నాకు తెలిసిన గృహస్థు ఒకరు ఇట్టి చేపను కొని తెచ్చిరి. నీటి విషయమున ఆయన శ్రద్ధ శంకింప వీలులేనిది. ఆరవవారమున చేప కదలిక తగ్గినది. మరి నాలుగుదినములకు చచ్చినది. నీటిలో దోషమున్నదేమోయని ఆయన పరీక్షలన్నియు చేయించిరి. నీరు నిర్దోషముగ నున్నది. చచ్చిన చేపను అరచేత పెట్టుకొని చూపినప్పుడు కారణము దాని ఒంటిమీదనే వ్రాసియున్నది: పొట్ట లోనికి పీక్కొనిపోయినది, వీపుకు రెండువైపుల గాడి పడినది, తల ఒంటికంటె పెద్దదిగ కనిపించుచున్నది. ఆరువారములు అది రాళ్లను పొడుచుచుండుట చూచి, మేయుచున్నదని ఇంటివారందరు అనుకొనిరి.

కావున చేపను పరీక్షించుటకు దాని రంగు చాలదు. ఆకలితో నున్నప్పుడు కూడ రంగు చాలకాలము చెడదు. తొట్టిపైనుండి వీపును చూడుడు. మెడనుండి తోకవరకు గుండ్రముగ నిండియున్నచో తిండి చాలుచున్నది. వీపు పలుగురాతివలె పదునుగ తేలినచో, ప్రక్కలు సొట్టపడినచో, ఆ దినముననే మార్గము వెదకవలెను. వారమున కొక్కమారైన ఈ పరీక్ష మానరాదు.

అందుచే నేను చెప్పదలచినదంతయు ఒక్కమాటలో ఇమిడియున్నది. ముందు మేతను పెంచుడు. అది స్థిరపడిన తరువాతనే చేపను తెండు. పాడిపశువును కొనదలచినవాడు ముందుగ గడ్డివామి చూచుకొనును గదా!

మేతను పెంచుటకు మొదట నీరు కుదురవలెను. సముద్రపునీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. హైడ్రోమీటరుతో చూచినచో 1.025 దగ్గర నిలుచును. వంటఉప్పు కలిపిన నీరు దీనికి పనికిరాదు. సముద్రపునీటిలో సున్నము, మెగ్నీషియము మొదలగునవి అనేకములున్నవి. వానినన్నిటిని తగినపాళ్లలో కలిపిన లవణము అక్వేరియము అంగళ్లలో దొరకును. దానిని క్లోరిను లేని శుద్ధజలమున, అనగా ఆర్.ఓ. నీటిలో, కరిగించి వాడవలెను. విశాఖపట్టణమువంటి తీరపట్టణములలోనివారు సముద్రము దాపుననే యున్నదిగదా అని డబ్బాలతో నీరు తెచ్చుకొనుట కలదు. నాకది సమ్మతము కాదు. ఊరినుండి వచ్చు మురుగు ఒడ్డుననే కలియును. వరదకాలమున నదులనీరు సముద్రమున పడి తీరపునీటి ఉప్పదనము తగ్గును. నిన్న తెచ్చిన నీటికి, నెలకు పూర్వము తెచ్చిన నీటికి పొత్తు కుదురదు.

మన వేసవిని గూర్చి ప్రత్యేకముగ హెచ్చరింపవలెను. తొట్టినీరు 24 మొదలు 27 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నుండుట మంచిది. మన యిండ్లలో మే నెలయందు అది 32 డిగ్రీలు దాటుట వింతకాదు. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. నీటి ఉపరితలముమీద చిన్న ఫ్యాను గాలి తగులునట్లు పెట్టినచో నీరు ఆవిరియగుచు కొంత చల్లబడును. కాని ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే నిలిచిపోవును. 200 లీటర్ల తొట్టిలో 7 కిలోల లవణమున్నదనుకొనుడు. దినమునకు 4 లీటర్ల చొప్పున అయిదుదినములు ఆవిరియై, ఎవ్వరును పట్టించుకొననిచో, మిగిలిన 180 లీటర్లలో అదే 7 కిలోలుండును. లీటరునకు 35 గ్రాములు కాస్త దాదాపు 39 అగును. కావున తరిగిన నీటికి బదులు ప్రతిదినము ఉప్పులేని శుద్ధజలమునే పోయవలెను. ఉప్పునీరు పోయుట తప్పు. కరెంటు పోయినప్పుడు గాలిపంపు ఆగకుండ బ్యాటరీతో నడచునది ఒకటి ఇంట నుంచుకొనుట వివేకము.

తొట్టి 200 లీటర్లకు తక్కువ కారాదు. ఇంకను పెద్దదైనచో మరియు మంచిది. చేపకు ఈదుటకు చోటుకొరకు కాదు, పురుగులు పెరుగుటకు రాతి విస్తీర్ణము కావలెను. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియాను హానిలేనిదిగ మార్చు సూక్ష్మజీవులు ఆ రాతిమీదనే స్థిరపడవలెను. అందుకు కొన్ని వారములు పట్టును. అటుపిమ్మట రాతిమీద నాచు పట్టి, కోపెపోడులు కాపురముండి, సంతానము వృద్ధిచేసికొనుటకు ఆరుమాసములనుండి ఏడాదివరకు ఓపికపట్టవలెను. ఈ ఓపికలేనివారు మాండరినును గాజు ఇవతలనుండి చూచి ఆనందించుటయే ఉభయులకు క్షేమము.

విదేశపు పుస్తకములు తొట్టిలో సముద్రమునుండి తీసిన పగడపు రాయిని వేయుమని చెప్పును. మన దేశమున అది కుదురదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో 2001లో పగడములను, సముద్రపు గుర్రములను చేర్చిరి. వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరము. ఎవరైన చాటుగ తెచ్చియిచ్చెదమన్నను ఒప్పుకొనరాదు. పింగాణివంటి మట్టితో కాల్చి చేసిన, బెజ్జములుగల కృత్రిమశిలలు దొరకును. వానిమీద పురుగులు నెలకొనుటకు కాలము కొంత హెచ్చు పట్టును, అంతే భేదము.

ఇక పురుగుల పెంపకము. దీనికి రెండుమార్గములు కలవు; రెండును కలిపి నడుపుట మేలు.

మొదటిది, పెద్దతొట్టికి ప్రక్కన మరియొక చిన్నతొట్టి. దీనిని ఆంగ్లమున రెఫ్యూజియమందురు. మనము దాపుతొట్టి అనుకొందము. పెద్దతొట్టిలోని నీరు దీనిలోనికి వచ్చి, మరల అందులోనికే పోవుచుండును. దీనిలో చేప ఉండదు. కీటోమార్ఫా అను ఉప్పునీటి నాచు వేయుదురు. అది పచ్చని తీగెచుట్టవలె చిక్కుచిక్కుగ పెరుగును. ఆ చిక్కుల నడుమ కోపెపోడులు నిర్భయముగ పెరుగును. పెరిగినవానిలో కొన్ని ప్రవాహముతో కొట్టుకొనిపోయి పెద్దతొట్టిలో పడుచుండును. అవి మన చేపకు రాత్రింబవళ్లు సాగు అన్నసత్రము. పెద్దతొట్టిలో దీపమార్పిన తరువాత దాపుతొట్టిలో దీపము వెలిగించు ఆచారము కలదు. నాచు పెరిగినకొలది గుప్పెడేసి తీసివేయవలెను. తీయుటకు ముందు అదే నీటిలో జాడించినచో అందలి పురుగులు వ్యర్థముగ పోవు.

రెండవది, సీసాలలో సాగు. అయిదులీటర్ల గాజుజాడీలు రెండు తీసికొనుడు. రెండెందుకనగా, ఒకటి చెడినప్పుడు రెండవదానినుండి మరల విత్తనము తీసికొనుటకు. ముప్పాతికవంతు ఉప్పునీరు నింపి, గాలిగొట్టమునుండి బుడగలు ఒకటొకటిగ మెల్లగ వచ్చునట్లు అమర్చవలెను. టిస్బే, టిగ్రియోపస్ అను జాతుల కోపెపోడులను విత్తనముగ విడువవలెను. టిస్బే రాళ్ల సందులలో దాగుటకు ఇష్టపడును. టిగ్రియోపస్ ఎర్రగ, కొంచెము పెద్దదిగ నుండి చేప కంటికి త్వరగ ఆనును. వీనికి మేత పచ్చనినీరు, అనగా కంటికి కనబడని ఏకకణపు నాచు కోట్లకొలది పెరిగిన నీరు. మన కోస్తాజిల్లాలలో రొయ్యపిల్లల హేచరీలలో పనిచేసినవారికి ఈ విద్య క్రొత్త కాదు. రొయ్యపిల్లలకు కీటోసెరాస్ అను నాచును పెద్దతొట్లలో పెంచు నేర్పు వారికి కరతలామలకము. ఆ పరిచయమున్నవారు ఇంటిలో ఈ జాడీలను సులభముగ నడుపగలరు.

జాడీలోని నీరు లేతపచ్చగ కనబడునంతగా మాత్రమే పచ్చనినీరు పోయవలెను. పురుగులు దానిని తిని నీటిని తేటచేయును. తేటయైన తరువాతనే మరల పోయవలెను. ప్రేమకొలది హెచ్చుగ పోసినచో నాచు కుళ్లి, ఒక్కరాత్రిలో జాడీయంతయు చెడును. కోపెపోడు గ్రుడ్డునుండి వెలువడిన పిమ్మట పలుమార్లు కుబుసము విడిచి పెద్దదగును. అందుచే మొదటి రెండుమూడు వారములు జాడీని కదపరాదు. అటుపిమ్మట వారమునకు రెండుమార్లు సన్ననినైలాను జల్లెడలో నాలుగవవంతు నీటిని వడకట్టి, జల్లెడలో నిలిచినవానిని తొట్టిలో విడువవచ్చును. విడుచువేళ రాత్రి. దీపమార్పి, నీటిపంపును అరగంట ఆపి విడిచినచో, అవి రాళ్లలోనికి దిగి దాగుకొనును. పగలు విడిచినచో ఇతర చేపలకు ఫలహారమగును.

ఆర్టీమియా పిల్లలను గూర్చి తరచుగ ప్రశ్నింతురు. వీని గ్రుడ్లు డబ్బాలలో వచ్చును. అమెరికాలో యూటా రాష్ట్రమున నున్న గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పుసరస్సు వీనికి ప్రసిద్ధమైన తావు. ఉప్పునీటిలో వేసి, 28 డిగ్రీల వేడిమిలో గాలి కొట్టుచుండినచో ఇంచుమించు ఒక దినమున పిల్లలు వెలువడును. నారింజరంగుతో గిలగిల కదలు ఈ పిల్లలను మాండరిన్ చేప ఆశతో తినును. కాని ఇవి పుట్టిన కొలదిగంటలలోనే తమ పొట్టలోని సొనను ఖర్చుచేసికొని నిస్సారమగును. పైగా సముద్రచేపలకు అత్యవసరమైన డి.హెచ్.ఏ. అను క్రొవ్వు వీనిలో లేనట్లే. కోపెపోడులలో అది సమృద్ధి. కావున పొదిగిన వెంటనే పెట్టవలెను. లేదా మరునాటివరకు నిలిపి, ఆ క్రొవ్వుగల మందును వానిచేత తినిపించి, పిమ్మట చేపకు పెట్టవలెను. కేవలము ఆర్టీమియానే నమ్ముకొనుట మనుష్యుని గంజినీళ్లమీద నుంచుటవంటిది. కడుపు నిండును, బలము నిలువదు.

చల్లబెట్టి గడ్డకట్టించిన మేతలకు, ముఖ్యముగ మైసిస్ అను బుల్లిరొయ్యలకు, ఈ చేపను అలవాటు చేయవచ్చునా? కొన్నింటిని చేయవచ్చును. తొట్టిలోనే వలవంటి చిన్న పంజరమును వ్రేలాడదీసి, చేపను కొన్నాళ్లు అందులో నుంచుదురు. మొదట ప్రాణముగల ఆర్టీమియా పిల్లలను పెట్టుదురు. అది వానికై పొడుచుట కలవాటుపడిన తరువాత, వానితో కరిగించిన మైసిస్ తునకలను కొంచెము కొంచెముగ కలుపుదురు. కదలు పురుగుల నడుమ కదలని తునకను కూడ ఒకమారు పొడుచును. నచ్చినచో మరల పొడుచును. ఇది రెండుమూడు వారముల పని. దినమునకు నాలుగైదుమార్లు పెట్టవలెను. నేర్చిన చేపకు పెద్దతొట్టిలో ఒక చిన్న గాజుసీసాను ప్రక్కవాటుగ పడవేసి, సన్ననిగొట్టముతో మేతను ఆ సీసాలో దింపవచ్చును. మాండరిన్ మెల్లగ ప్రాకివచ్చి సీసాలో దూరి తినును. వడిగ ఈదు చేపలకు ఇరుకుమూతిలో దూరు బుద్ధి అంతగా పుట్టదు. మొండికేసిన చేపను మాత్రము నిర్బంధింపరాదు. అది పస్తుండును గాని లొంగదు. పొట్ట లోనికి పోవుచున్నట్లు కనబడిన వెంటనే పంజరము విప్పి రాళ్లమీదికి విడువవలెను. నేర్చినదానికైనను రాతిమీది పురుగులు ఉండనే యుండవలెను.

సహవాసమును గూర్చి స్వల్పముగ చెప్పెదను. అదే పురుగులను తిను చేపలను దీనితో నుంచరాదు. ఆరుచారల రాస్ అను చేప చూచుటకు చక్కగనే యుండును, కాని రాళ్లను ఊడ్చిపెట్టుటలో దానికది సాటి. రెండు మగమాండరినులను ఒకేతొట్టిలో నుంచినచో కలహించి ఒకటి చచ్చును. మగదానికి వీపువాజపు మొదటిముల్లు పొడవుగ జెండాకొయ్యవలె నిలుచును. ఆడదానికి అది పొట్టి. గుర్తించుట కష్టము కాదు.

జిగురు దట్టముగ నుండుటచే ఉప్పునీటి చేపలకు వచ్చు తెల్లచుక్కల రోగము దీనికి తక్కువగ సోకును. తక్కిన చేపలకు సోకినప్పుడు కొందరు తొందరపడి రాగి కలిసిన మందును తొట్టిలోనే పోయుదురు. ఆ మందు తెల్లచుక్కల క్రిములతోపాటు కోపెపోడులను కూడ నిశ్శేషముగ చంపును. ఏడాది శ్రమ ఒక్క సాయంకాలమున పోవును. చేపకు మరునాటినుండి ఉపవాసము. రోగముగల చేపను వేరుతొట్టిలోనికి తీసి చికిత్స చేయవలెనే గాని, మేత పండు పొలమున విషము చల్లరాదు.

బాగుగ మేసిన జంట ఇంటితొట్టిలోనే ఒక దృశ్యమును చూపును. ప్రొద్దు గ్రుంకువేళ, దీపముల వెలుతురు తగ్గినప్పుడు, మగచేప వాజములు విప్పి ఆడచేప చుట్టు తిరుగును. పిమ్మట రెండును ప్రక్కప్రక్కన ఆనుకొని, అడుగును విడిచి మెల్లగ పైకి లేచును. దినమంతయు నేలను విడువని చేపలు అట్లు జంటగ తేలుట చూడదగినది. పైన ఒక్కక్షణము నిలిచి, గ్రుడ్లు విడిచి, చటుక్కున క్రిందికి దిగి చీకటిలో కలిసిపోవును. గ్రుడ్లు నీటిలో తేలిపోవును. తల్లిదండ్రులు మరి వానివంక చూడవు. ఒకదినము లోపలనే పిల్లలు వెలువడును. వాని పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. వాని నోటికి పట్టు మేత దొరకించుట సామాన్యుల తరము కాదు. నిపుణులు మాత్రము సాధించిరి. 2010లో అమెరికాలోని ఫ్లోరిడాలో తొట్లయందే పుట్టి పెరిగిన మాండరిన్ చేపలు అమ్మకమునకు వచ్చినవి. అవి పసితనమునుండి మనుష్యుడు పెట్టు మేతకు అలవాటుపడినవి కావున గడ్డకట్టించిన ఆహారమును సులభముగ స్వీకరించును.

వెల కొంత హెచ్చైనను అట్టివానినే కోరుట న్యాయమని నా అభిప్రాయము. పగడపు దిబ్బలలో మగచేపలను ఏరి పట్టుదురు. పొడవైన వీపుముల్లు చూచి కొనువారు ముచ్చటపడుటయే అందుకు కారణము. ఆడచేపలు కూడ పెద్దమగలనే వరించును. వేటకాడును, ఆడచేపయు ఒకే మగదానికై వెదకుచుండగా, పెద్దవి పోయిన దిబ్బమీద సంతానము తగ్గకుండునా? అట్లు పట్టితెచ్చినది మన ఇంటిలో ఆరువారములు బ్రతికి చచ్చినచో, ఆ చావువెనుక పుట్టకపోయిన పిల్లలు కూడ ఉన్నవి.

కొనుటకు పోయినప్పుడు తొందరపడక అంగడిలో ఒక పావుగంట నిలువుడు. చేప మూల నణగియున్నదా, రాతిమీద తిరుగుచున్నదా చూడుడు. వీపును పైనుండి చూపుమని అడుగుడు. అది తొట్టిలో పుట్టినదా, సముద్రమునుండి వచ్చినదా, ఎన్నిదినములుగ అంగడిలో నున్నది అని విచారింపుడు. పిమ్మట మీ కన్నులయెదుట దానికి మేత వేయుమని అంగడివానిని కోరుడు. పొడిచి తిన్నచో బేరమాడుడు. తినదు, ఇంటికి పోయిన తరువాత అదే తినునని అతడు చెప్పినచో, డబ్బు జేబులోనే యుంచుకొని, పురుగుల జాడీకి కావలసిన గాలిగొట్టమును మాత్రము కొనుక్కొని రండు.